‘తొడిగించు’ నుండి ‘తొడుక్కొను’ దాకా: నిత్యకృత్యాల బోధనకు ఒక చరిత్ర

పొద్దున లేచి పళ్ళు తోముకోవడం, నీళ్ళు పోసుకోవడం, బట్టలు వేసుకోవడం, కంచంలో అన్నం కలుపుకొని తినడం, వీధి దాటి అంగడికి వెళ్ళి చిల్లర లెక్క చూసుకొని తిరిగి రావడం - వీటిని విద్య అని మనం సాధారణంగా అనుకోము. ఎవరూ కూర్చోబెట్టి నేర్పకుండానే, చూసి చూసి వచ్చేస్తాయని మన నమ్మకం. చాలామంది పిల్లల విషయంలో అది నిజమే. అయితే మేధోవైకల్యం, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, చూపులేమి వంటి కారణాల వల్ల ఇవి వాటంతట అవి పట్టుబడని పిల్లలు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. వారికి ఈ పనులే మొదటి పాఠాలు. ఈ పాఠాలకూ ఒక చరిత్ర ఉంది. దాని వయస్సు రెండు వందల ఏళ్ళకు పైమాట.

ఈ చరిత్రలో కొంత భాగం పారిస్, రోము నగరాలలో నడిచినా, మరికొంత భాగం మదరాసు, నాగపూరు, సికిందరాబాదులలో నడిచింది. వీటిలో మొదటి రెండూ తెలుగు రాష్ట్రాలకు వెలుపల, తెలుగువారు తరతరాలుగా నివసిస్తున్న ప్రాంతాలలో ఉన్నాయి. కాబట్టి ఇది మన పాఠకులకు పరాయి విషయం కాదు. పైగా, ఇంట్లో తెలుగు, బడిలో తమిళమో కన్నడమో మరాఠీయో ఒడియానో వినే పిల్లవాడికి నిత్యకృత్యాలు ఏ భాషలో నేర్పాలి అన్న ప్రశ్న మన ఇళ్ళలోనే పుట్టే ప్రశ్న. ఆ ప్రశ్నను దృష్టిలో ఉంచుకొని ఈ చరిత్రను స్థూలంగా పరిశీలించదలచాము.

అడవి బాలుడు, వంటింటి గురువు

క్రీ.శ. 1800 జనవరిలో దక్షిణ ఫ్రాన్సులోని అవేరోఁ ప్రాంతంలో పన్నెండేళ్ళ వయస్సు ఉండవచ్చనిపించే ఒక బాలుడు జనావాసాల్లోకి వచ్చి పట్టుబడ్డాడు. మాట లేదు, ఒంటిమీద బట్ట నిలవదు, చలికీ వేడికీ చలించడు. అదే సంవత్సరం ఆగస్టులో అతణ్ణి పారిస్‌లోని బధిరుల విద్యాలయానికి తీసుకొచ్చారు. ఆనాటి పేరుపొందిన వైద్యులు అతడు పుట్టుకతోనే బుద్ధిహీనుడనీ, నేర్పి ప్రయోజనం లేదనీ తేల్చారు. ఆ విద్యాలయంలో కొత్తగా చేరిన జాఁ మార్క్ గస్పార్ ఇటార్ అనే యువ వైద్యుడు మాత్రం ఆ మాట ఒప్పుకోలేదు. బాలుడికి విక్టర్ అని పేరు పెట్టి, ఐదేళ్ళకు పైగా చదువు చెప్పాడు. 1801లోను, 1806లోను రెండు నివేదికలు రాశాడు.

ఇటార్ పద్ధతి ఎలాంటిదో ఒక్క ఉదాహరణతో తెలుస్తుంది. విక్టర్‌కు రోజూ చాలాసేపు వేడినీళ్ళ స్నానం చేయించేవారు. కొంతకాలానికి అతడి చర్మానికి వేడి, చలి తేడా తెలియడం మొదలైంది. నీళ్ళు చాలినంత వేడిగా లేకపోతే వేలితో తాకి చూసి తొట్టిలోకి దిగడానికి ఒప్పుకునేవాడు కాదు. అప్పుడు ఇటార్ రెండో మెట్టు వేశాడు. ఉదయం చలిలో బట్టలు అందుబాటులో ఉంచి, తొడిగించకుండా వదిలేశాడు. కొన్నాళ్ళకు విక్టర్ తనంతట తానే బట్టలు వేసుకోసాగాడు. అవసరం కలిగించడం, సాధనం అందుబాటులో ఉంచడం, చేయి వెనక్కి తీసుకోవడం - ఈ మూడూ అక్కడ ఉన్నాయి. పిల్లవాణ్ణి చలిలో నిలబెట్టడాన్ని ఈనాడు ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. కానీ అతడి తరపున మనం చేసేస్తే అతడికి నేర్చుకునే అవసరమే రాదన్న గ్రహింపు మాత్రం అప్పటినుండి ఈ విద్యకు మూలసూత్రంగా నిలిచింది.

ఇటార్ అసలు ఆశించింది వేరు. విక్టర్ మాట్లాడాలని, చదవాలని, తత్త్వవేత్తలు చెప్పిన మానవ స్వభావాన్ని నిరూపించాలని ఆయన కోరిక. కొన్ని అక్షరాలు గుర్తించినా విక్టర్‌కు మాట రాలేదు. ఇటార్ నిరాశపడి విరమించుకున్నాడు. ఆ తరువాత 1828లో చనిపోయేవరకు విక్టర్‌ను చూసుకున్నది మదాం గెరాఁ అనే సామాన్య గృహిణి. అతడికి భోజనం పెట్టింది, షికారు తీసుకెళ్ళింది, ఇంటిపనులలో చెయ్యి కలపనిచ్చింది ఆమెయే. కట్టెలు కోయడం విక్టర్‌కు చాలా ఇష్టమైన పని. భోజనాల బల్ల సర్దడం కూడా అతడి పనే.

ఇటార్ రెండో నివేదికలో ఒక సంఘటన ఉంది. మదాం గెరాఁ భర్త మరణించిన రోజున విక్టర్ అలవాటు ప్రకారం ఆయన చోటులో కూడా కంచం పెట్టాడు. అది చూసి ఆమె దుఃఖం ఆపుకోలేకపోయింది. తన చేతిపని వల్లే ఆమెకు బాధ కలిగిందని విక్టర్ గ్రహించి, ఆ కంచం తీసి అలమారలో పెట్టేశాడు. మళ్ళీ ఎన్నడూ అక్కడ పెట్టలేదు. బల్ల సర్దడం యాంత్రికమైన అలవాటు అనుకునేవారికి ఈ సంఘటనే సమాధానం. ఒక ఇంట్లో ఎవరికి ఎక్కడ కంచం పెట్టాలో తెలిసినవాడు ఆ ఇంటి మనిషి. నిత్యకృత్యాల బోధన చివరికి చేరుకోవలసిన గమ్యం అదే.

చరిత్ర వైద్యుడి పేరు రాసుకుంది, ఆయన నివేదికలను భద్రపరచింది. వంటింట్లో చదువు చెప్పిన స్త్రీ పేరు ఆ నివేదికల్లో ఒక వివరంగానే మిగిలింది. ఈ విద్యకు సంబంధించి ఇదే తీరు ఆ తరువాత కూడా సాగిందని మనం గుర్తుంచుకోవాలి.

బడి ఆశ్రయంగా, ఆశ్రయం బందిఖానాగా

ఇటార్ చివరి దశలో ఆయన వద్ద నేర్చుకున్నవాడు ఎదుఆర్ సెగాఁ. 1837లో ఒక బాలుడితో మొదలుపెట్టి, ఇంద్రియాలకు, కండరాలకు క్రమబద్ధమైన శిక్షణ ఇస్తే బుద్ధి వికసిస్తుందని ఆచరణలో చూపాడు. 1846లో తన పద్ధతిని పుస్తకంగా వెలువరించాడు. తరువాత అమెరికా వెళ్ళి స్థిరపడి, 1866లో ఆంగ్లంలో మరో గ్రంథం రాశాడు. ఎక్కడం, దిగడం, పట్టుకోవడం, వదలడం, తినడం, బట్టలు వేసుకోవడం ఇవన్నీ ఆయన దృష్టిలో పాఠ్యాంశాలే. ఆయన ప్రభావంతో అమెరికాలో ఇలాంటి బడులు అనేకం వెలిశాయి. పిల్లలకు కొన్నేళ్ళు నేర్పి తిరిగి ఇంటికి పంపడమే వాటి తొలి ఉద్దేశం.

పంతొమ్మిదో శతాబ్ది చివరికి ఆ ఉద్దేశం తలకిందులైంది. పిల్లలు తిరిగి వెళ్ళలేదు. బడులు వందలాది మందిని జీవితాంతం ఉంచే పెద్ద పెద్ద సంస్థలుగా మారాయి. బుద్ధిమాంద్యం వంశపారంపర్యమనీ, ఇలాంటివారిని సమాజం నుండి వేరుగా ఉంచాలనీ వాదించేవారు బలపడ్డారు. న్యూజెర్సీ రాష్ట్రంలోని వైన్‌లాండ్ శిక్షణాలయంలో పనిచేసిన హెన్రీ గొడార్డ్ 1912లో రాసిన పుస్తకం ఈ వాదానికి ఎంతో ప్రచారం కల్పించింది. ఆ పుస్తకంలోని ఆధారాలు నిలవవని తరువాత తేలింది. కానీ అప్పటికే జరగవలసిన నష్టం జరిగిపోయింది.

ఇక్కడ గమనించదగిన విషయం ఒకటి ఉంది. ఆ సంస్థల్లో ఉన్నవారికి పనులు రాకపోలేదు. బట్టలు ఉతకడం, వంట చేయడం, నేల కడగడం, తోటి నివాసులకు స్నానం చేయించడం - సంస్థలు నడిచిందే చాలావరకు వారి జీతంలేని శ్రమ మీద. ఇంత పని వచ్చినవారు బయట బతకలేరని ఎలా అన్నారు? నైపుణ్యం నేర్పడం ఒక్కటే చాలదు, ఆ నైపుణ్యం ఎవరి జీవితం కోసం అన్నది కూడా తేలాలి అనడానికి ఇంతకంటే నిదర్శనం అక్కరలేదు.

రోము నుండి అడయారుకు

సెగాఁ పుస్తకాలు ఐరోపాలో దాదాపు మరుగున పడిన సమయంలో వాటిని వెదికి చదివిన వ్యక్తి మరియా మాంటిస్సోరి. రోములో వైద్యురాలిగా పనిచేస్తూ, పిచ్చాసుపత్రుల్లో పెద్దవారితో కలిపి ఉంచిన పిల్లలను ఆమె చూసింది. వారికి కావలసింది మందు కాదు, చదువు అని ఆమె నిశ్చయించుకుంది. ఇటార్, సెగాఁ రచనలను తన చేతితో ఇటాలియన్‌లోకి రాసుకుంది. 1900 నుండి కొంతకాలం రోములో ఇలాంటి పిల్లలకోసం ఏర్పడిన బడిని నడిపింది. అక్కడి పిల్లలు కొందరు మామూలు పిల్లలతోపాటు పరీక్షల్లో ఉత్తీర్ణులయ్యారు. అందరూ ఆశ్చర్యపోతుంటే, ఆమె మాత్రం ఆరోగ్యవంతులైన పిల్లలను మన బడులు ఎంత వెనక పడేస్తున్నాయో అని ఆలోచించింది. 1907 జనవరిలో రోములోని శాన్ లొరెంజో పేటలో కార్మికుల పిల్లలకోసం ఆమె ప్రారంభించిన బాలగృహం ఈ ఆలోచన ఫలితమే.

మాంటిస్సోరి బడులలో చెక్క చట్రానికి రెండు బట్ట ముక్కలు బిగించి, వాటికి గుండీలు, కాజాలు, కొక్కేలు, నాడాలు అమర్చిన పరికరాలు ఉంటాయి. పిల్లవాడు ఒంటిమీద చొక్కాతో అవస్థ పడకుండా, కళ్ళెదుట పెట్టుకొని గుండీ పెట్టడం, తీయడం సాధన చేస్తాడు. నీళ్ళు వంచడం, నేల ఊడ్వడం, చేతులు కడుక్కోవడం, బల్ల తుడవడం కూడా అక్కడ పాఠాలే. ఈనాడు ధనికుల పిల్లలు చదివే ఖరీదైన బడులలో ఈ పరికరాలు కనిపిస్తాయి. వీటి వెనక ఉన్నది ఎవరికీ అక్కరలేని పిల్లలకు నేర్పడానికి పుట్టిన విద్య అన్న సంగతి చాలామందికి తెలియదు.

1939 నవంబరులో దివ్యజ్ఞాన సమాజం ఆహ్వానంపై మాంటిస్సోరి మదరాసు వచ్చింది. అడయారులో తాటాకు పందిళ్ళ కింద ఆమె నడిపిన తొలి శిక్షణ తరగతికి దేశం నలుమూలల నుండి సుమారు మూడు వందల మంది హాజరయ్యారు. కొద్ది నెలల కోసం వచ్చిన ఆమె, రెండవ ప్రపంచ యుద్ధం కారణంగా 1946 వరకు భారతదేశంలోనే ఉండిపోయింది. కొంతకాలం కొడైకెనాల్‌లో గడిపింది. ఆమె శిక్షణ పొందినవారు దేశమంతటా శిశు పాఠశాలలు తెరిచారు. అయితే ఆ విద్య ముఖ్యంగా మామూలు పిల్లల బడులకే పరిమితమైంది. అది ఎవరి కోసం పుట్టిందో వారికి మళ్ళీ చేరడానికి మరికొంత కాలం పట్టింది.

మన దేశంలో తొలి ప్రయత్నాలు

మన దేశంలో వికలాంగుల విద్య అంధుల, బధిరుల బడులతో మొదలైంది. 1887లో అమృతసరస్సులో ఆనీ షార్ప్ అంధుల కోసం బడి తెరిచింది. 1890లో తిరునల్వేలి పక్కన పాళయంకోటలో ఆస్క్‌విత్ అనే మిషనరీ మరొకటి ప్రారంభించింది. ఈ బడులు బ్రెయిలీ అక్షరాలతోపాటు బుట్టల అల్లిక, నేత వంటి చేతిపనులకు ప్రాధాన్యం ఇచ్చాయి. బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలకు మాత్రం చాలాకాలం ఇల్లే ఆశ్రయం, లేకపోతే పిచ్చాసుపత్రే గతి.

ఇందులో మార్పు తెచ్చినవారు ఎక్కువగా తల్లిదండ్రులు, సంఘసేవకులు. బొంబాయిలో హోర్మస్‌జీ, జై వకీల్ దంపతులు తమ కుమార్తె అవసరాన్ని గుర్తించి 1944లో బడి ప్రారంభించారు. మదరాసులో 1950ల తొలి సంవత్సరాలలో మేరీ క్లబ్‌వాలా జాదవ్ పూనికతో బాలవిహార్ ఏర్పడింది. ఇలాంటి బడులు ఒక్కొక్కటిగా పెరిగే కొద్దీ ఒక సమస్య ముందుకు వచ్చింది. పిల్లవాడికి ఏమి వచ్చు, ఏమి రాదు, ఏది ముందు నేర్పాలి అని తేల్చడం ఎలా?

కొలబద్దల కథ

ఈ ప్రశ్నకు పాశ్చాత్య దేశాల్లో అప్పటికే ఒక సమాధానం తయారై ఉంది. పైన చెప్పిన వైన్‌లాండ్ శిక్షణాలయంలోనే, 1935లో ఎడ్గార్ డాల్ సామాజిక పరిణతిని కొలిచే ఒక మాపనిని రూపొందించాడు. తెలివి పరీక్షలో ఎన్ని మార్కులు వచ్చాయన్నది కాక, తిండి, బట్ట, నడక, మాట, పని, నలుగురితో మెలగడం వంటి విషయాల్లో మనిషి తనంతట తాను ఏమి చేసుకోగలడన్నది అందులో ముఖ్యం. 117 అంశాలు వయస్సు క్రమంలో అమర్చి ఉంటాయి. గొడార్డ్ పనిచేసిన చోటే ఈ మాపని పుట్టడం విశేషం. మనిషిని ఒక్క అంకెతో తీర్పు చెప్పిన సంస్థే, మనిషి రోజువారీ బతుకును చూడమని చెప్పవలసి వచ్చింది.

అయితే డాల్ మాపని అమెరికా ఇంటి మాపని. ముల్లుచెంచాతో తినడం, బల్లకత్తితో కోసుకోవడం అందులో అంశాలు. ఎనిమిదేళ్ళు దాటిన పిల్లవాడు క్రిస్మస్ తాత నిజంగా లేడని గ్రహించడం కూడా పరిణతికి ఒక గుర్తు! చేత్తో అన్నం కలుపుకొని తినే పిల్లవాణ్ణి, క్రిస్మస్ తాత ఎవరో తెలియని పిల్లవాణ్ణి ఈ మాపనితో కొలిస్తే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు. నాగపూరులో పనిచేసిన ఎ.జె. మాలిన్ ఈ మాపనిని భారతీయ పిల్లలకు తగినట్లు మార్చి, 89 అంశాలకు కుదించారు. మన దేశపు ఆసుపత్రులలో, బడులలో దశాబ్దాలపాటు వాడుకలో ఉన్నది ఈ నాగపూరు రూపమే.

మాపని స్థాయిని చెబుతుంది, పాఠం ఏమిటో చెప్పదు. ఆ లోటు తీర్చింది మదరాసు. విజయ్ హ్యూమన్ సర్వీసెస్ సంస్థకు చెందిన పి. జయచంద్రన్, వి. విమల 1970ల మధ్యలో ‘మదరాసు డెవలప్‌మెంటల్ ప్రోగ్రామింగ్ సిస్టమ్’ను రూపొందించారు. ఇందులో 18 రంగాలు, ఒక్కొక్క రంగంలో 20 అంశాలు, మొత్తం 360 అంశాలు ఉన్నాయి. భోజనం, దుస్తులు, అలంకరణ, మలమూత్ర విసర్జన, సమయం, డబ్బు, ఇంటిపని, ఊరిలో తిరగడం, తీరిక వేళ - ఇవన్నీ విడివిడి రంగాలు. అంశాలు సులభమైనదాని నుండి కఠినమైనదానికి మెట్లుగా ఉంటాయి. ప్రతి అంశమూ పిల్లవాడు చేసేది ఏమిటో చెప్పే వాక్యం. ‘చేయలేడు’ అని కాక ‘ఇది చేస్తాడు’ అని రాయడం చిన్న మార్పులా కనిపిస్తుంది. కానీ దానివల్ల పిల్లవాడి చిట్టా లోపాల పట్టికగా కాక, తరువాతి మెట్టు చూపే పటంగా మారింది.

1984లో కేంద్ర ప్రభుత్వం సికిందరాబాదులో జాతీయ మానసిక వికలాంగుల సంస్థను నెలకొల్పింది. ఇప్పుడది జాతీయ మేధోవైకల్య వ్యక్తుల సాధికారతా సంస్థ. 1992లో అక్కడి రీటా పెషావరియా, ఎస్. వెంకటేశన్ మరో మూల్యాంకన పట్టికను వెలువరించారు. అందులో నైపుణ్యాల భాగంలో 7 రంగాలు, 280 అంశాలు. తినడం, పళ్ళు తోముకోవడం, స్నానం, దుస్తులు వంటి పనులను తల్లిదండ్రులకు, శిక్షకులకు బొమ్మలతో వివరించే చిన్న చిన్న పుస్తకాలు కూడా ఆ సంస్థ నుండి వచ్చాయి. ఇంటి పని పుస్తకంలోకి ఎక్కింది.

ఒక పనిలో ఎన్ని పనులు

ఈ బోధన ఎలా సాగుతుందో తెలియనిదే దాని చరిత్ర అర్థం కాదు. మూల పద్ధతి పనిని ముక్కలు చేయడం. అమెరికాలో మార్క్ గోల్డ్ 1970 ప్రాంతంలో తీవ్రమైన మేధోవైకల్యం ఉన్నవారికి సైకిలు బ్రేకు భాగాలను బిగించడం నేర్పి, ఈ పద్ధతి శక్తిని లోకానికి చూపాడు. నేర్చుకోకపోతే తప్పు నేర్చుకునేవాడిది కాదు, నేర్పే తీరుది అన్నది ఆయన వాదం.

మన ఇంటి పని ఒకటి చూద్దాము. పప్పన్నం కలుపుకొని తినడం మనకు ఒక్క పని. నిజానికి అందులో చేయి కడుక్కోవడం, అన్నం మధ్యలో చిన్న గుంట చేయడం, పప్పు వేసుకోవడం, వేళ్ళ కొసలతో కలపడం, ముద్ద చేయడం, బొటనవేలితో నోట్లోకి తోయడం, నమిలి మింగేదాకా రెండో ముద్ద ఎత్తకుండా ఉండడం ఉన్నాయి. వీటిలో ఏ మెట్టు దగ్గర పిల్లవాడు ఆగిపోతున్నాడో చూసి, అక్కడ సాయం చేయాలి. సాయానికి కూడా మెట్లున్నాయి. చేయి పట్టి చేయించడం, చేసి చూపించడం, సైగ చేయడం, మాటతో చెప్పడం, ఊరక పక్కన ఉండడం. రోజులు గడిచే కొద్దీ సాయం ఈ క్రమంలో తగ్గుతూ రావాలి.

మరో ఉపాయం చివరి నుండి నేర్పడం. నిక్కరు తొడగడం నేర్పేటప్పుడు మోకాళ్ళ పైదాకా తల్లి ఎక్కించి, నడుము దాకా లాగడం మాత్రం పిల్లవాడికి వదులుతుంది. అది వచ్చాక మోకాలి దగ్గర వదులుతుంది. ఆ తరువాత చీలమండ దగ్గర. ఇలా ప్రతిరోజూ పని పూర్తిచేసేది పిల్లవాడే అవుతాడు. ‘నేనే వేసుకున్నాను’ అన్న తృప్తి మొదటి రోజు నుండే దక్కుతుంది.

ఇందులో విద్యాలయాల పరిభాష ఎంత ఉన్నా, ఓపిక గల అమ్మమ్మలకు, నాయనమ్మలకు ఈ ఉపాయాలు కొత్త కావు. అయితే మన సమాజంలో ఓపిక ఎంత ఉందో ఎగతాళి కూడా అంతే ఉంది. చెప్పినమాట చెప్పినట్టే పట్టుకుని తప్పులు చేసే పరమానందయ్య శిష్యులను చూసి మనం తరతరాలుగా నవ్వుకున్నాము. మాటను అక్షరాలా తీసుకునే పిల్లవాడు నిజంగా ఇంట్లో ఉన్న తల్లికి ఆ నవ్వు ఎలా వినిపిస్తుందో ఆలోచించినట్లు లేదు.

స్వతంత్రత అంటే ఏమిటి

1960, 70 దశకాలలో ఈ చరిత్ర మరో మలుపు తిరిగింది. ఉత్తర ఐరోపాలో బాంక్-మికెల్సెన్, బెంగ్ట్ నీర్యె వంటివారు మేధోవైకల్యం ఉన్నవారికి కూడా అందరిలాంటి రోజు, అందరిలాంటి వారం, అందరిలాంటి ఇల్లు ఉండాలని వాదించారు. అమెరికాలో, పోలియో వల్ల కాళ్ళూ చేతులూ చచ్చుబడిన ఎడ్ రాబర్ట్స్, ఆయన మిత్రులు 1972లో బర్క్‌లీలో స్వతంత్ర జీవన కేంద్రాన్ని స్థాపించారు. వారి వాదం నిత్యకృత్యాల బోధకులను ఆలోచింపజేసింది. రెండు గంటలు అవస్థపడి తానే చొక్కా తొడుక్కొని, అలసి ఇంట్లో కూర్చునేవాడు స్వతంత్రుడా? మరొకరి సాయంతో పావుగంటలో తయారై పనికి వెళ్ళేవాడు స్వతంత్రుడా? అన్నీ తానే చేసుకోవడం స్వతంత్రత కాదు, తన రోజు ఎలా గడవాలో తాను నిర్ణయించుకోవడం స్వతంత్రత అని వారన్నారు.

ఈ మాట బోధనను కాదనలేదు, దాని గురిని సరిదిద్దింది. ఏ చొక్కా వేసుకోవాలి అని అడగకుండా గుండీ పెట్టడం మాత్రమే నేర్పితే సగం పాఠమే చెప్పినట్టు. మన చట్టాలు కూడా క్రమంగా ఈ దిశకు వచ్చాయి. 1995 వికలాంగుల చట్టం, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధోవైకల్యం, బహుళ వైకల్యం ఉన్నవారికోసం వచ్చిన 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం, 21 రకాల వైకల్యాలను గుర్తించిన 2016 వికలాంగుల హక్కుల చట్టం ఈ దారిలోని మైలురాళ్ళు. భారతదేశం 2007లో ఆమోదించిన ఐక్యరాజ్యసమితి ఒడంబడికలోని 19వ అధికరణం, సమాజంలో స్వతంత్రంగా జీవించడం హక్కు అని స్పష్టంగా చెప్పింది. ఇటార్ నాటి దయ రెండు శతాబ్దాలకు హక్కుగా మారింది.

ఇంటి మాట

ఇప్పుడు మన ప్రశ్నకు వద్దాము. తెలుగు రాష్ట్రాలకు వెలుపల ఉన్న తెలుగు కుటుంబంలో ఇలాంటి పిల్లవాడు ఉంటే, అతడికి రెండు భాషలు బరువు, ఇంట్లో కూడా బడి భాషే మాట్లాడండి అని సలహా ఇచ్చేవారు ఉన్నారు. సదుద్దేశంతోనే ఇస్తారు. తల్లిదండ్రులు భయపడి పాటిస్తారు. ఫలితంగా అవ్వతో, తాతతో, చుట్టుపక్కాలతో ఆ పిల్లవాడికి మాట తెగిపోతుంది. అందరూ తెలుగులో మాట్లాడుకునే భోజనాల వేళ అతడొక్కడే పరాయివాడవుతాడు. పైగా తల్లికే సరిగా రాని భాషలో పిల్లవాడు మాట నేర్వాలి.

ఈ సలహాకు గట్టి ఆధారం లేదని పరిశోధన చెబుతోంది. 2005లో కెనడాకు చెందిన ఎలిజబెత్ కే-రెయినింగ్ బర్డ్ బృందం డౌన్ సిండ్రోం ఉన్న పిల్లలను పరిశీలించింది. రెండు భాషల మధ్య పెరిగినవారు, ఒకే భాషతో పెరిగిన అలాంటి పిల్లలకంటే ఆంగ్లంలో వెనకబడలేదని, పైగా రెండో భాష కూడా కొంత సంపాదించారని తేల్చింది. ఆ తరువాత ఆటిజం ఉన్న పిల్లలపై జరిగిన పరిశీలనలు కూడా ఇంటి భాష హాని చేస్తుందని చూపలేదు.

మరో చిక్కు మూల్యాంకనంలో ఉంది. పట్టికలు తెలుగులో ఉన్నా, అవి ఏ తెలుగులో ఉన్నాయి? రాయలసీమలోను, తమిళ, కన్నడ సీమల్లోని అనేక తెలుగు ఇళ్ళలోను కంచాన్ని ‘తట్ట’ అంటారు, చీపురును ‘పొరక’ అంటారు, చొక్కా ‘అంగీ’ అవుతుంది, స్నానం చేయడం ‘నీళ్ళు పోసుకోవడం’ అవుతుంది, ఇల్లు ఊడ్వడం ‘కసువు ఊడ్వడం’ అవుతుంది. ‘చీపురు తీసుకురా’ అన్న పరీక్షకుడి మాటకు కదలని పిల్లవాడు, ‘పొరక ఎత్తుకోని రా’ అంటే వెంటనే లేచి వెళ్ళవచ్చు. ఆ ఒక్క మాట తేడాతో పట్టికలో ‘సూచన గ్రహించడు’ అని పడిపోతుంది. ఏళ్ళ తరబడి అతడు నేర్చుకోవలసిన పాఠాలు ఆ గీతను బట్టి నిర్ణయమవుతాయి. మాండలిక పదకోశం కేవలం పండితుల ముచ్చట కాదు అనడానికి ఇంతకంటే మంచి కారణం మాకు కనబడదు.

చివరగా వ్యాకరణం గురించి ఒక మాట. తెలుగులో ‘తొడిగించు’, ‘తినిపించు’, ‘చేయించు’ అనే ప్రేరణార్థక క్రియలు ఒక పక్క, ‘తొడుక్కొను’, ‘తోముకొను’, ‘కలుపుకొను’, ‘దువ్వుకొను’ అనే ఆత్మార్థక క్రియలు మరో పక్క ఉన్నాయి. పై చరిత్ర అంతా మొదటి వరుస నుండి రెండో వరుసకు సాగిన ప్రయాణమే. తమిళంలోని ‘పోట్టుక్కో’, కన్నడంలోని ‘హాకికో’ కూడా ఇదే కట్టుబాటులో నడుస్తాయి. కనుక ఆ సీమల్లోని తెలుగు పిల్లవాడికి ఇంట్లో విన్నది బడిలో అడ్డం రాదు, ఆసరా అవుతుంది. మరాఠీ, ఒడియాలలో క్రియానిర్మాణం వేరు. అక్కడి ఇళ్ళలో ఈ తేడాను ఉపాధ్యాయులు గమనించవలసి ఉంటుంది.

ఈ రెండు వరుసల మధ్య మూడో రూపం ఒకటి ఉంది: ‘తొడుక్కోనివ్వు’. అది పిల్లవాడి పని కాదు, మన పని. ఆలస్యమైనా, గుండీ తప్పు కాజాలో పడినా, మెతుకులు కింద పడినా చేయి వెనక్కి తీసుకొని నిలబడడం. తక్కిన రెండింటికంటే ఇదే కష్టం. మదాం గెరాఁ వంటింట్లో జరిగినది బహుశా ఇదే.

మన విద్యార్థులు తమ తమ ఊళ్ళలో, హోసూరులో కానీ బళ్ళారిలో కానీ బరంపురంలో కానీ షోలాపురంలో కానీ యానాంలో కానీ, లేచినప్పటి నుండి పడుకునేవరకు ఇంట్లో జరిగే పనులకు పెద్దవాళ్ళు వాడే మాటలను, ముఖ్యంగా పిల్లలతో వాడే మాటలను సేకరించవచ్చు. దానికి పెద్ద సాధనాలు అక్కరలేదు. ఒక నోటుపుస్తకం, వంటింట్లో కాసేపు కూర్చునే ఓపిక చాలు. ఆ పట్టిక భాషాశాస్త్రానికి పనికొస్తుంది. దగ్గరలోని ప్రత్యేక పాఠశాల ఉపాధ్యాయురాలి బల్లమీదకు చేరితే అంతకంటే ఎక్కువ పనికొస్తుంది.